ఆ పుస్తకంలోని చప్పట్లు నావి

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. సంఘం సమావేశాల్లో చెప్పాను, పెళ్లిపందిళ్లలో చెప్పాను, ఒకసారి ఆసుపత్రిలో పక్కమంచం మీదున్న ఆయనకి కూడా చెప్పాను (మర్నాడే ఆయన మంచం మార్పించుకున్నాడు). వినేవాళ్లు దొరికారు గాని పట్టించుకున్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. అందుకని ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు పుస్తకం కంటపడాలంటే ఓడ రావాలి. మా డిగ్నాబాద్ పేట తెలుగు సంఘానికి ఉన్నది ఒకటే బీరువా. ఇక్కడి వానలకి పుస్తకాలు ఊరికే బూజు పట్టేవి, పనికిమాలినవాటిని ఎండబెట్టి తుడిచే ఓపిక ఎవరికీ లేదు. కాబట్టి కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ ఒకరు చదివి వినిపించేవారు. చదవడం అయ్యాక రెండు ప్రశ్నలు: ఇది నిజమేనా? మనకి పనికొస్తుందా? రెండిటికీ అవునన్నవాళ్లు ఎక్కువైతేనే బీరువాలో చోటు. (కథలకీ నవలలకీ ఈ పరీక్ష లేదు. అవి అబద్ధాలని ముందే ఒప్పుకున్నాయి కదా.) ఈ విచారణలో పాస్టరు గారి భార్య, మేమంతా పాస్టరమ్మ గారు అని పిలిచే ఆవిడ, మహా గట్టిది. కోళ్ల పెంపకం మీద వచ్చిన ఒక పుస్తకాన్ని నమ్మి ఆవిడ డైరీ ఫార్మ్ అనే పేటలో తన ఇంటి వెనక గూడు కట్టించి, మొదటి వానకే కోళ్లన్నిటినీ చర్చి వరండాలోకి తరలించాల్సి వచ్చింది. "ఇది రాసినాయన కోడిని కూరలో తప్ప చూళ్లేదు" అని ఆవిడ తీర్పు చెప్పాక ఆ పుస్తకం పొయ్యిలోకి పోయింది. అలాంటి న్యాయస్థానంలో నాకు అన్యాయం జరిగింది.

దానికి కొన్నేళ్ల ముందు ఒక పేరున్న నాటకాల ఆయన మా దీవికి వచ్చాడు. ఆయన పేరుకి ముందు ఉన్న బిరుదులు చదివేసరికి ఊపిరి అయిపోయేది కాబట్టి మేము ఆయన్ని బిరుదు గారు అనేవాళ్లం. యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న ముసలిరాజు వేషం ఆయనది. మిగతా వేషాలు మావాళ్లవి. తెర వెనక నిలబడి అందరికీ మాటలు అందించడం నా పని. అప్పటికి నేను జెట్టీలో సరుకు లెక్కరాసే గుమాస్తాని, నాటకమంతా కంఠతా వచ్చు. బిరుదు గారు ఓడలో నాలుగు రోజులూ వాంతులు చేసుకుంటూ వచ్చి, సంఘం అధ్యక్షుడి ఇంట్లో మంచమెక్కాడు. "నేల కూడా ఊగుతోందయ్యా" అని కళ్లు మూసుకున్నవాడు నాటకం వేళకి కూడా తెరవలేదు. ఇక్కడ చూస్తే ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్ నుంచి కూడా జనం పడవెక్కి వచ్చేశారు.

అధ్యక్షుడు నన్ను మేకప్ గదిలోకి లాగాడు. "గడ్డం పెడితే ఎవడో ఎవడికి తెలుస్తుందోయ్? గాలికి గొంతు బొంగురుపోయిందని నేను అనౌన్స్ చేస్తాను. నువ్వు కానిచ్చెయ్. ఇప్పుడు మాత్రం ఎవరితోనూ అనకు. సమయం చూసి నీ పేరు నేనే సభలో చెప్తాను" అన్నాడు.

కానిచ్చాను. కొడుకు శవం మీదికి వంగినప్పుడు కిరీటం జారింది. బిరుదు గారి తల నా తలకంటే బాగా పెద్దది. కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక దాన్ని తీసి కొడుకు గుండెల మీద పెట్టాను. జనం కొట్టిన చప్పట్లకి రేకుల కప్పు అదిరింది. ఇంటికి వెళ్తే మా అమ్మ ఇంకా కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఆ మారాజు ఏడుత్తుంటే నా కడుపు తరుక్కుపోయిందిరా. నువ్వూ ఉన్నావు! తెర ఎనకాల గుసగుసలాడ్డం తప్ప ఏటొచ్చు నీకు?"

మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. అధ్యక్షుడికి మాత్రం ఎన్నాళ్లైనా సమయం దొరకలేదు.

ఆ తరవాత బిరుదు గారి ఆత్మకథ ఓడ దిగింది. చదివి వినిపించే వంతు నాదే వచ్చింది. మా దీవి అధ్యాయం వచ్చింది. ఓడ దిగుతూనే ఆయన వేషం కట్టాడట. కిరీటం జారిందట. అప్పటికప్పుడు స్ఫురించి దాన్ని కొడుకు గుండెల మీద పెట్టాడట. అంతటి చప్పట్లు మళ్లీ జన్మలో వినలేదట. ఆ కింద అధ్యక్షుడి ఆతిథ్యం గురించి ఒక పేజీ పొగడ్త. మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న మనిషికి కిరీటం సంగతి ఎవరు చెప్పి ఉంటారో నాకు అప్పుడు అర్థమైంది.

"ఇది అబద్ధం" అన్నాను.

"నీకెలా తెలుసు, భయ్యా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆ వేషం వేసింది నేను."

నవ్వులు. అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎప్పటి మాటోయ్ అది, నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు" అన్నాడు. అప్పుడు నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం బయటపెట్టాను. "సరే, ఆయన కొలతకి చేయించిన కిరీటం ఆయన తలకే ఎందుకు వదులవుతుంది? చెప్పండి!"

గెలిచాననుకున్నాను. పాస్టరమ్మ గారు అందుకున్నారు.

"నాలుగు రోజులు తిండి లేదు కదా బాబూ, చిక్కిపోయుంటారు."

"తల చిక్కుతుందా అండీ?"

"ఓడెక్కితే అంతా చిక్కుతుంది."

ఓడెక్కి వచ్చినవాళ్లే అందరూ. తలలూపారు. ఆఖరి ప్రయత్నంగా నేను అక్కడే మోకాళ్ల మీద కూలబడి రాజు ఏడుపు అందుకున్నాను. పట్టపగలు, గడ్డం లేకుండా, జెట్టీ గుమాస్తా చొక్కాలో. ముందువరసలో కూర్చున్న మా అమ్మకే సిగ్గేసింది. "నెగరా, బస్ కర్, ఇంక చాలు! ఆ మారాజు పరువు తీసేత్తన్నావు" అంది. పుస్తకం నిజమని తేల్చారు. ఒంట్లో బాగోలేదని పనికి ఎగనామం పెట్టే పిల్లలకి చదివి వినిపించడానికి పనికొస్తుందని కూడా పాస్టరమ్మ గారే చెప్పారు.

మా అమ్మ పోయేదాకా ఆ రాజు గురించి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఒకసారి ఆవిడ జ్వరంతో పడుకున్నప్పుడు పక్కన కూర్చుని, గొంతు మార్చి, రాజు మాటలు నాలుగు అన్నాను. కళ్లు తెరవకుండానే "బాగానే పట్టీసినావు, అచ్చం ఆయన్లాగే ఉంది" అంది. అంతకంటే మెప్పు నాకు మరెక్కడా దొరకలేదు. దాన్ని కూడా ఆయన ఖాతాలోనే వేశాను. మొన్న అద్దంలో చూసుకుంటే, అతికించక్కర్లేని తెల్లగడ్డంతో, నిజంగానే ఆ ముసలిరాజు నిలబడి ఉన్నాడు. నాకే నవ్వొచ్చింది. ఇప్పుడు వేషానికి పిలిచేవాళ్లెవరూ లేరు.

ఈ మధ్య బిరుదు గారి అబ్బాయి ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించారు. ప్రతి అక్షరమూ నాన్నగారి అనుభవమేనని ముందుమాటలో రాశారు. నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. అయ్యా, పుస్తకాన్ని మార్చమని అడగడం లేదు. మీ నాన్నగారి బిరుదులు ఆయనకే ఉండనివ్వండి. ఒక్కదానికి మాత్రం జవాబు చెప్పండి: ఆ సాయంత్రం మా అమ్మని ఏడిపించింది ఎవరు?