పింగాణీ గిన్నెల్లో పాలకూర

ఆ రోజుల్లో మా వరంగల్లులో ఇంట్లో ఒక పిల్లవాడు కాలేజీ గడప తొక్కాడంటే చాలు, వాడికి తెలియనిది లేదని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. ఇంజనీరింగు చదివేవాడి చేత కుట్టుమిషను బాగు చేయించేవారు, లా చదివేవాణ్ని పాలవాడితో తగాదాకు పంపేవారు. నేను పి.యు.సి.లో వృక్షశాస్త్రం తీసుకున్నాను. (తీసుకున్నాను అనడం గొప్పకే. లెక్కలు రానివాళ్లకు మిగిలేది అదే.) అప్పటికి నాకు చేతనైందల్లా మందార పువ్వును నిలువుగా కోసి బొమ్మ గీయడం. అయినా మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, మట్టెవాడలో బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి, దుకాణానికి వచ్చినవాళ్లందరికీ నన్ను 'మొక్కల డాక్టరు' అని పరిచయం చేసేవాడు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. మూతి మీద మీసం మొలుస్తున్న వయసులో ఎవరైనా డాక్టరని పిలిస్తే, కాదనే నిగ్రహం ఎంతమందికి ఉంటుంది?

ఆ ఏడు కూరగాయలు కొనబోతే కొరివిలా ఉన్నాయి. ఖాళీ జాగా ఉన్నవాళ్లంతా కూరగాయలు పండించుకోవాలని పెద్దలు రేడియోలో రోజూ చెప్పేవారు (చెప్పేవాళ్ల బంగళాల ముందు మాత్రం గులాబీలే ఉండేవి). సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ ఎలక్షన్లు వచ్చాయి, మా వార్డుకు పెద్దబాపు నిలబడ్డాడు. ఆయనకు ఎదురు నిలబడింది బజారులో ఇత్తడి, స్టీలు సామాన్లు అమ్మే ఆసామి. ఆయన్ని అందరూ గిన్నెల సేటు అనేవారు. గిన్నెల సేటు వీధి మురుగు పోయే మోరీలు బాగు చేయిస్తానని చెప్పుకుంటున్నాడు. మోరీల సంగతి ఎత్తితే తన దుకాణం ముందున్న మోరీ మాట కూడా వస్తుందని పెద్దబాపు వేరే దారి పట్టాడు. మట్టెవాడలో ప్రతి డాబా మీదా డబ్బాల్లో తోట పెంచాలి, ముందు తానే పెంచి చూపిస్తానని పది మందిలో ప్రకటించి వచ్చాడు. ఇక ఉపన్యాసాలు ఆయనవి, సలహాలు నావి. మట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది మాత్రం పెద్దమ్మా, మా అమ్మా. 'వార్డు కోసం మనమంతా కష్టపడ్తానం' అని పెద్దబాపు అరుగు మీద కూచుని చెబుతుంటే వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

నూనె డబ్బాలు, గ్యాసునూనె (అదే, కిరసనాయిలు) డబ్బాలు, చిల్లు పడని పాత బకెట్లు, పెద్దమ్మ పెళ్లినాటి రేకు ట్రంకు కూడా డాబా ఎక్కాయి. అవీ చాలక పెద్దబాపు ఒకనాడు పాత సామాన్లు అమ్మే కబాడీవాడి దగ్గర గోనె సంచి నిండా తెల్లటి పింగాణీ గిన్నెలు కొనుక్కొచ్చాడు. చుట్టూ నీలం అంచు, వెడల్పాటి మూతి, ఒక పక్క గొట్టంలాంటి పిడి. దొరలు పాయసం పోసుకునేవని కబాడీవాడు చెప్పాడట. పిడి గొట్టంలా ఎందుకుందని అమ్మ అడిగితే, పాయసం ఒలక్కుండా కప్పుల్లోకి వంచుకోవడానికని పెద్దబాపు వివరించాడు. దొరలు పాయసం తాగుతారా అని ఎవరూ అడగలేదు. ఇక డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న నా దాకా వచ్చింది. నేను పెన్సిలు చెవి మీద పెట్టుకుని కాసేపు ఆలోచించి, చిల్లులు పెడితే ఎరువులోని సారమంతా కారిపోతుందని తీర్పు చెప్పాను. చిల్లులు పడని డబ్బాలు తర్వాత మళ్లీ పనికొస్తాయని పెద్దబాపు కూడా ఆ శాస్త్రాన్ని వెంటనే ఒప్పుకున్నాడు.

మొలకలు బాగానే వచ్చాయి. తర్వాత ముసురు పట్టింది. మా దగ్గర ముసురంటే సూర్యుడు ఏమైపోయాడో కూడా తెలియని ముసురు. డబ్బాలన్నీ చెరువులైపోయాయి. వంకాయ మొక్కలు పసుపు తిరిగి తలలు వాల్చాయి, టమాటా మొదళ్లు కుళ్లి వాసన కొట్టాయి, పెద్దమ్మ ట్రంకులో బెండకు బదులు దోమ పిల్లలు ఈదుతున్నాయి. పింగాణీ గిన్నెల్లో మాత్రం పాలకూర నిగనిగలాడుతూ గుబురుగా లేచింది. వాన నీళ్లు నిండగానే ఆ గొట్టంలోంచి బుడబుడమని బయటికి పోయేవి. అది నా కళ్లముందే జరిగేది. అయినా తెల్ల రంగు ఎండను వెనక్కి కొట్టడం వల్లే ఆకు బాగా వస్తోందని నేను పెద్దబాపుకు బొమ్మ గీసి చూపించాను. వారం రోజులుగా ఎండ లేదన్న సంగతి నాకూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

మిగతా డబ్బాలను వెనక్కి జరిపి, గిన్నెలన్నీ వీధివైపు పిట్టగోడ మీద వరసగా పెట్టించాడు పెద్దబాపు. పొద్దున్నే కోసిన కట్టలు వోటర్ల ఇళ్లకు పంపడం మొదలైంది. ఎవరికి పంపాలో, ఎవరికి పంపినా దండగో ఆయన లోపల లెక్కలు వేసుకునేవాడు. గిన్నెల సేటు ఇంటికి కూడా పెద్దరికంగా ఒక కట్ట వెళ్లింది. పప్పులో వేస్తే వెన్నలా ఉడికిందని సేటు బజారులో నలుగురి ముందు అన్నాడు కూడా. ఆ మాటతో తన గెలుపు ఖాయమైందనుకున్న పెద్దబాపు, వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఆదివారం మా అరుగు ముందు వార్డు మీటింగు పెట్టాడు. బల్ల మీద జంపఖానా పరిచి, గిన్నెలు దానిమీద పేర్చాడు. ఆకుకూరకు ఏ డబ్బా మంచిదో చెప్పడానికి నన్ను పక్కనే నిలబెట్టాడు.

మీటింగు సగంలో ఉండగా రిక్షాలో మా నాయనమ్మ చెల్లెలు దిగింది. కొత్తవాడలో ఉంటుంది కాబట్టి ఆమెను కొత్తవాడ నాయనమ్మ అనేవాళ్లం. జారిపడి కాలు విరిగి, చాలాకాలం దవాఖానాలో ఉండి, ఈమధ్యనే లేచి నడుస్తోంది. ఇద్దరు పట్టుకుని ఆమెను అరుగు మీద ముందు వరసలో కూచోబెట్టారు. పెద్దబాపు ఒక గిన్నెను రెండు చేతులా పైకెత్తి, ఇలాంటి పాత్ర ఇంటికొకటి ఉంటే మట్టెవాడకు కరువు రాదని చెబుతున్నాడు. ముసలామె కళ్లు చికిలించి చూసింది.

"గిది యాడ దొరికింది బిడ్డా నీకు?"

"దొరల సామాను చిన్నమ్మా. పాయసం పోసుకునేది" అన్నాడు పెద్దబాపు, మీటింగుకంతా వినబడేలా.

"పాయసందా? నేను దవాఖానాల మంచంల పడ్డన్నాళ్లు పొద్దుగాల పొద్దుగాల నా నడుం కింద గిదే పెట్టేటోళ్లు గదా. పిడి గూడ గిట్లనే ఉంటుండె" అంది ఆమె. పాత స్నేహితురాలిని గుర్తుపట్టినంత సంతోషంగా అంది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచారు. వెనక వరసలో ఎవరో, పొద్దున కూడా పాలకూర పప్పే తిన్నామని గొణిగారు. పెద్దబాపు గిన్నెను కింద పెట్టలేక, పట్టుకోలేక అలాగే నిలబడ్డాడు. ఇవి వాడనివేమోనని నేను నెమ్మదిగా అన్నాను. నా వృక్షశాస్త్రం అంతవరకు నోరు విప్పింది చాలని ఆయన చూపే చెప్పింది.

మరునాటి నుంచి గిన్నెల సేటు రిక్షాకు మైకు కట్టించాడు. మోరీల మాటే మానేశాడు. "మా దుకాణంల ఏ గిన్నె దేనికో చెప్పి మరీ అమ్ముతం" అన్న ఒక్క మాటే వార్డంతా తిప్పాడు. ఆ పాలకూర ఆయన కూడా మెచ్చుకుంటూ తిన్నాడని పెద్దబాపు ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. ఇంట్లో మా నాయనమ్మ పసుపునీళ్లతో వంటిల్లు మూడుసార్లు కడిగించింది (కడిగింది మళ్లీ పెద్దమ్మా, అమ్మే). చివరకు కూర అందినవాళ్లు అందినందుకు, అందనివాళ్లు తమకు అందనందుకు పెద్దబాపుకు వోటు వేయలేదు. గెలిచిన సేటు మోరీలు బాగు చేయించాడా అంటే, అది వేరే కథ కాదు, కథే లేదు.

ఫలితాలు వచ్చాక పెద్దబాపు కొన్నాళ్లు దుకాణానికి వెనక సందుల్లోంచే వెళ్లొచ్చాడు. ఒక సాయంత్రం సన్నగా జల్లు పడుతుంటే నన్ను వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. ఇద్దరం ఒక్కో డబ్బా వంచి కుళ్లిన మట్టి పారబోస్తున్నాం. ఉన్నట్టుండి ఆగి అడిగాడు.

"నిజం చెప్పు. కాలేజిల నువ్వు ఏం చదువుతాన్నవ్?"

"మొక్కల గురించే పెద్దబాపూ."

ఆయన నన్నూ, ఆ డబ్బాలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, తడిసిన పిట్టగోడ మీద చతికిలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఏమైందోనని పరుగున వచ్చిన పెద్దమ్మ కూడా సంగతి విని నవ్వింది. ఎలక్షన్ల హడావిడి మొదలయ్యాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత నేను వృక్షశాస్త్రమే చెప్పి బతికాను. వేళ్లకు కూడా గాలి కావాలి, నీళ్లు నిలిస్తే ఊపిరాడక చస్తాయి అని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాణ్ని. ఆ సంగతి నాకు ఎక్కడ తెలిసిందో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ముసురు పట్టినప్పుడు కిటికీ దగ్గర కూచుంటే, చెవి మీద పెన్సిలుతో ఎండలేని ఆకాశం కింద నిలబడి ఎండ గురించి బొమ్మలు గీసే ఆ కుర్రవాడు కనిపిస్తాడు. వాడిని సరిదిద్దాలని లేదు. ఇప్పుడు నాకు ఎన్నో సంగతులు తెలుసు, ఒక్కటి కూడా వాడంత గట్టిగా చెప్పలేను.