బాబాయిగారూ, మీ పేరు?

అమెరికాలో ఐసెలిన్ దగ్గర, వృద్ధులుండే ఒక నర్సింగ్ హోమ్‌లో దమయంతి పదకొండేళ్ళుగా నర్సు. మందుల బండికి తాళం వేయనిదే పక్కకు కదలదు. ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో రోజుకు రెండుసార్లు చూసి రాస్తుంది. అంత చాదస్తపు మనిషీ ఒక్క నియమానికి మాత్రం ఏనాడో నీళ్ళొదిలేసింది. మాత్ర ఇచ్చేముందు మనిషి చేత పేరు, పుట్టినతేదీ చెప్పించాలి. తండ్రి వయసు వాళ్ళను పేరేంటని నిలదీయడానికి ఆమెకు నోరు రాదు. తెలుగు పెద్దాయనలంతా ఆమెకు బాబాయిగారే.

ఆ మంగళవారం టిఫిన్‌కి ముందు, పద్నాలుగో గదిలో కిటికీ పక్క మంచం దగ్గర బండి ఆపింది. అది బ్రహ్మయ్య మంచం. మంకీ క్యాప్ కళ్ళమీదికి లాక్కుని, అటు తిరిగి పడుకున్నాడు మనిషి.

"బాబాయిగారూ, షుగర్ బిళ్ళ."

"ఆఁ" అని చెయ్యి చాపి, నీళ్ళతో మింగేశాడు.

అప్పుడు తలుపు పక్క మంచం మీంచి బ్రహ్మయ్య గొంతు వినిపించింది. "ఏమ్మా, నా బిళ్ళేదీ? ఎండ కళ్ళలో కొడుతోందని నిన్న సాయంత్రం మంచాలు మార్చుకున్నాంగా."

దమయంతి ఆ మంకీ క్యాప్ పైకి జరిపి చూసింది. మింగింది ఆ గదిలోనే ఉండే శ్యామ్‌సుందర్. ఆయనకు షుగరే లేదు. ఆ మాత్ర ఆయన్ని ఏం చేయగలదో ఆమెకు బాగా తెలుసు.

'కింద పడింది, పారేశాం' అని కంప్యూటర్‌లో ఒక గడి ఉంది. అది నొక్కి, షుగర్ పడిపోకుండా కాస్త జ్యూస్ తాగించి ఊరుకుంటే లైసెన్సు నిలుస్తుంది. ఆమె వేలు ఆ గడి దాకా వెళ్ళింది కూడా. సిగ్గుచేటు సంగతే.

"నీళ్ళు మంచిగున్నయ్ తల్లీ" అన్నాడు శ్యామ్‌సుందర్, క్యాప్ సర్దుకుంటూ.

దమయంతి సూపర్‌వైజర్ గదికి పరుగెత్తింది. "రేష్మా, రాంగ్ పేషెంట్‌కి ఇచ్చేశాను. తప్పు నాదే. 911కి కాల్ చెయ్యి, అంబులెన్స్ కావాలి."

ఆస్పత్రిలో ఆయన షుగర్ యాభైకి పడింది, లేచింది, మళ్ళీ పడింది. మొత్తానికి బతికాడు. దమయంతి మీద విచారణ ఇంకా నడుస్తోంది. అందాకా రేష్మ పక్కనుంటేనే మందులివ్వాలి.

శ్యామ్‌సుందర్ శుక్రవారం తిరిగొచ్చాడు. జరిగింది ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు గుర్తుండలేదు. రేష్మ పక్కనుండగా దమయంతి మాత్ర తెచ్చి, ఆయన చేతిపట్టీ మీది పేరు చూసి అడిగింది. "బాబాయిగారూ, మీ పేరు చెప్పండి."

ఆయన మొహం చిన్నబోయింది. "మూడేండ్ల సంది మందులిస్తున్నవ్. నా పేరు మర్చిపోయినవా బిడ్డా?"

ఆమె కళ్ళు నిండాయి. అయినా మాత్ర ఇవ్వలేదు. ఆయన పేరు చెప్పేదాకా అలాగే నిలబడింది.