చెక్కుచెదరని సీలు

ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే మా మేనత్తను అక్కడ అందరూ స్క్రూలత్త అంటారు. వినికిడి పరీక్షల గదిలో తెర, యంత్రం ఒకే బుల్లి గూట్లో ఇమిడిన పాతకాలపు కంప్యూటర్లు మూడున్నాయి. అవి ఇన్నేళ్లు బతికాయంటే ఆమె చలవే. వినయం ఆమెకు వంటబట్టలేదు. పెద్ద డాక్టరు వాటిపై టీ కప్పు పెడితే, "మీ నెత్తిన పెట్టుకోండి" అన్న మనిషి.

ఆ మూడూ పైకి కవలలు, లోపల కావు. కంప్యూటరు లోపలి గడియారాన్ని నడిపే బ్యాటరీ కొన్నింటిలో బిళ్ళలా ఉంటుంది. దానితో బెడద లేదు. కొన్నింటిలో చిన్న పీపాలా ఉండి, బోర్డుకే టంకంతో అతికి ఉంటుంది; ముసలిదైతే కారి బోర్డును తినేస్తుంది. ఏ గూట్లో ఏదున్నదీ విప్పితే గాని తెలియదు.

కొత్తగా వచ్చిన స్టోర్సు అధికారి మూడింటికీ సీళ్లు వేయించాడు: అనుమతి లేనిదే విప్పరాదు. అత్త అనుమతి అడిగింది, జవాబు లేదు. మొదటిదాని సీలు చించి, కారుతున్న పీపాను ఊడబెరికింది. రెండోదాన్ని విప్పబోతే, మిగతా రెండింటినీ ముట్టవద్దని ఉత్తర్వు వచ్చింది. జన్మలో ఒక్కసారి చెప్పిన మాట విన్నది.

విచారణ ఆ గదిలోనే జరిగింది. తేలవలసింది ఆమె ఉద్యోగం. ఆమె తరఫున నేను నిలబడ్డాను.

"ఎవర్నడిగి సీలు చించావమ్మా?" అన్నాడు అధికారి.

"బ్యాటరీ ఎవర్నడిగి కారింది సార్?"

"ఎకసెక్కాలొద్దు. ఆ రెండోదాన్ని చూడు, సీలు చెక్కుచెదర్లేదు!"

"సీలుకేం, నిక్షేపంలా ఉంది. ఓసారి మీట నొక్కండి."

నొక్కాడు. తెర వెలగలేదు. విప్పించి చూస్తే బోర్డంతా పచ్చని చిలుము. రాగి గీతలు తెగిపోయాయి.

తీర్పు ఏమిటంటారా? రెండో యంత్రం చావడం సహజ క్షయమట. మొదటిది బతకడం క్రమశిక్షణా ఉల్లంఘనట! చంపిన ఉత్తర్వును సంజాయిషీ అడిగినవారు లేరు. ఆస్తిని కాపాడటానికి పుట్టిన నియమాన్ని ఆస్తిని బలిచ్చి కాపాడుకున్నారు. పైగా దయతో ఒక షరతు: మూడోదాన్ని ముట్టనని మాటిస్తే ఉద్యోగం ఉంటుంది.

అత్త నావైపు తిరిగింది. "మూడోదాంట్లో ఉన్నది బిళ్ళా, పీపానా?"

"నాకేం తెలుసత్తా?"

"నాకూ తెలీదే. అదే కదా నా ఏడుపు!"

"ఇప్పటికి ఒప్పేసుకో, అప్పీలు చేద్దాం" అన్నాను చెవిలో.

"నీ అప్పీలు తేలేదాకా అది కారకుండా ఆగుతుందా?"

అంటూనే స్క్రూడ్రైవర్ మొనతో సీలు చించి, గూడు విప్పింది. పీపాయే. దాని అడుగున తెల్లటి పొడి అప్పుడే పొంగుతోంది. టంకం కరిగించి ఊడదీసింది, బోర్డు తుడిచింది, మీట నొక్కింది. తెర వెలిగింది.

ఆ బ్యాటరీని గుడ్డముక్కలో చుట్టి అధికారి చేతిలో పెట్టింది.

"ఇదిగో సార్, నా ఉద్యోగం. జాగ్రత్త, కారుతోంది."