రాణిగారి వంశవృక్షానికి ఆకుపచ్చ సిరా

విజయవాడలో ఒక ఎయిడెడ్ మహిళా కళాశాలలో చరిత్ర లెక్చరర్‌గా నేను చేరి ఇరవై నాలుగేళ్లు నిండిన సంవత్సరం, జూన్ నెలలో, కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే, ప్రిన్సిపాల్ గారు నాకొక మెమో పంపారు. మూడో సంవత్సరం బి.ఎ. పిల్లలకు ఆధునిక ఐరోపా చరిత్ర ఇకమీదట నేను చెప్పాలని దాని సారాంశం. అంతకుముందు ఆ పేపరు చెప్పినాయన రిటైరయ్యారు, ఆ ఖాళీ నింపలేదు. ఎయిడెడ్ కాలేజీ అంటే యాజమాన్యం ప్రైవేటుది, జీతం ప్రభుత్వానిది, ఖాళీలు మాత్రం ఎవరివీ కావు. ఆ విధంగా చరిత్ర శాఖలో నేనొక్కణ్ణే మిగిలి, శాఖాధిపతినీ నేనే, నా కింద పనిచేసే ఉద్యోగినీ నేనే అయ్యాను. ఇద్దరికీ పెద్దగా పడేది కాదు.

అప్పటిదాకా నేను చెప్పినవి శాతవాహనులు, విజయనగరం. ఐరోపా సంగతి పరీక్షకు చదివి మరిచిపోయినవాణ్ణి. అయినా వేసవిలోనే కష్టపడి నోట్సు తయారుచేసుకునేలా ఎవరూ ముందుగా చెప్పలేదు గనక, పిల్లలకంటే ఒక్క రోజు ముందు పాఠం చదువుకుంటూ బండి లాక్కొచ్చాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండు, జర్మనీ, రష్యాల సంబంధాలు చెప్పవలసిన రోజు రానే వచ్చింది. ఆ మూడు దేశాలనూ ఏలినవాళ్లు ఒకరికొకరు 'కజిన్లు' అని పాఠ్యపుస్తకంలో ఉంది. నేనూ అలాగే చెప్పాను.

రెండో బెంచీలో కూర్చునే సునీత లేచి, "కజిన్ అంటే ఏమవుతాడు సార్? బావా, అన్నా?" అని అడిగింది. ఉయ్యూరు దగ్గర ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఇంగ్లీషువాడికి ఆ తేడా అక్కరలేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు. మనకు అలా కుదురుతుందా? మేనత్త కొడుకైతే బావ, పిన్ని కొడుకైతే అన్నో తమ్ముడో. ఒకడితో పెళ్లి చేస్తారు, రెండోవాడికి రాఖీ కట్టిస్తారు. రేపు చెబుతానని గంభీరంగా అన్నాను గాని, ఆ రేపు రావడానికి వారం పట్టింది.

ఆ వారమంతా లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని రెండు డ్రాయింగు షీట్లు అతికించి వంశవృక్షం గీశాను. తల్లుల వైపు సంబంధం ఎర్ర సిరా, తండ్రుల వైపుది నీలం సిరా. పెళ్లికి జంట గీత, విడాకులకు ఆ గీత మీద అడ్డంగా కొట్టివేత. పైన నడిమధ్య ఇంగ్లండు ముసలి రాణిగారు. ఆవిడ తొమ్మిది మంది పిల్లల్నీ, వాళ్ల పిల్లల్నీ ఐరోపా నిండా పంచిపెట్టింది. పేర్లు రాస్తే పిల్లలు బెదిరిపోతారని దేశం పేరు, వరస మాత్రమే రాశాను.

చార్టు గోడకు తగిలించిన రోజు నా సర్వీసులో ఒక గొప్ప రోజు. ఇంగ్లండు రాజు తల్లీ రష్యా చక్రవర్తి తల్లీ సొంత అక్కచెల్లెళ్లు, కాబట్టి వాళ్లిద్దరూ అన్నదమ్ములు. జర్మనీ చక్రవర్తి ఇంగ్లండు రాజుకు మేనత్త కొడుకు, అంటే బావ. రష్యా చక్రవర్తి పెళ్లాడింది ఇంగ్లండు రాజు ఇంకో మేనత్త కూతుర్ని. తమ్ముడి భార్య మరదలు, మేనత్త కూతురూ మరదలే. ఎటు నుంచి లెక్కవేసినా వరస తప్పలేదు. "అయితే బావతో గొడవపడి తమ్ముణ్ణి కలుపుకున్నాడన్నమాట సార్" అని ఒక పిల్ల తేల్చేసింది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని అంత క్లుప్తంగా చెప్పినవాళ్లను నేను ఆ తరవాతా చూడలేదు.

ఇక అక్కణ్ణుంచి నాకు పట్టపగ్గాలు లేకపోయాయి. జర్మనీ చక్రవర్తి కుర్రతనంలో ఒక పిల్ల వెంటపడి కవిత్వం రాశాడనీ, ఆ పిల్ల సాక్షాత్తూ ఆయన పిన్ని కూతురనీ చెప్పాను. క్లాసంతా "ఛీ, చెల్లెలికి ప్రేమలేఖలా!" అంది. "మరి ఆ పిల్ల ఒప్పుకుందా సార్?" అని ఎవరో అడిగారు. కాదందని చెప్పాను. ఎందుకు కాదందో పుస్తకంలో ఉండే ఉంటుంది, నేను ఆ పేజీ దాకా పోలేదు. పోనివాడు పోలేదని ఒప్పుకోవాలి కదా! అది మానేసి, "వరస కుదరని చోట మనసు కుదరదమ్మా. వరస కుదిరితే మనసు అదే కుదురుతుంది" అన్నాను. పిల్లలు నోట్సులో రాసుకున్నారు. నాకూ అది బాగా నచ్చి, తరవాతి పీరియడ్లో ఇంకోసారి అన్నాను.

ఆగస్టులో పేరెంట్స్ మీటింగు జరిగింది. మామూలుగా బి.ఎ. పిల్లల తల్లిదండ్రులు అంతగా రారు. సునీత తరఫున మాత్రం వాళ్ల నాయనమ్మ రత్తమ్మగారు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మంగళగిరి చీర, చేతిలో గుడ్డసంచి. హాజరు వివరాలు చెప్పబోతుంటే ఆవిడ వినకుండా గోడమీది చార్టు ముందు నిలబడింది. ఎర్ర గీత దేనికి, నీలం గీత దేనికి అని ఒక్కసారి అడిగి, రెండు నిమిషాల్లో ఐరోపా మొత్తం చదివేసింది. నాకు వారం పట్టిన పని అది. "దొరల ఇళ్లల్లోనూ మేనరికాలేనన్నమాట! రాణీగారు భలే మనిషి" అని మురిసిపోయింది. నేను ఊరుకున్నానా? నా సూక్తిని మూడోసారి వినిపించాను. ఆవిడ రెండు చేతులూ జోడించి, "మా పిల్లకి మంచి మాట చెప్పారు మాస్టారూ" అంది. పక్కనే ఉన్న సునీత ముఖం ఎలా ఉందో నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడానికి కారణం, నేను చూడకపోవడమే.

నెల తిరిగేసరికి సునీత రావడం తగ్గింది. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్లకు హాల్‌టికెట్ ఆగిపోతుంది. తగిన కారణం చూపించి, శాఖాధిపతి సంతకంతో దరఖాస్తు పెడితే కొంత సడలింపు ఇస్తారు. ఆ దరఖాస్తు పట్టుకుని ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూముకు వచ్చింది. కారణం అన్నచోట 'నా వివాహం' అని రాసి ఉంది. కార్తీకంలో ముహూర్తం, వరుడు మేనత్త కొడుకు కిశోర్. ఉయ్యూరులో మోటారు వైండింగు షాపు ఉందట. శుభం అన్నాను. కలం తీసి సంతకం కూడా మొదలుపెట్టాను.

"ఇది మీ వల్లే సార్" అంది.

పొగడ్త అనుకుని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. తనకు ఈ పెళ్లి ఇష్టం లేదనీ, బి.ఎడ్. చదవాలని ఉందనీ, బావ మంచివాడే గాని తనకు ఆ ఉద్దేశం లేదనీ చెప్పింది. రెండుసార్లు నాయనమ్మతో అన్నదట. "వరస కుదిరాక మనసుదేముందే, మీ మాస్టారే చెప్పారుగా" అని ఆవిడ నోరు మూయించిందట. సునీత అంతటితో ఆగక బ్యాగులోంచి మా లైబ్రరీ పుస్తకమే తీసి, గుర్తుపెట్టిన పేజీ నా ముందు తెరిచింది. జర్మనీ ఆయన్ను ఆ పిల్ల కాదన్నది ఆయన దూకుడు పద్ధతి నచ్చక అని అక్కడ స్పష్టంగా ఉంది. వరస మాట ఎక్కడా లేదు. వాళ్లకసలు ఆ పట్టింపే లేదు. "ఇష్టం లేక కాదంది సార్. అందరూ ఊరుకున్నారు. వరస అన్నది మీరు" అంది సునీత. కళ్లు దించలేదు.

ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నన్ను సిగ్గుపడేలా చేసిన పిల్ల ఆమే. సంతకం సగంలో ఆపాను. మర్నాడు ఆదివారం. సాయంత్రమే గోడ మీంచి తీసి చుట్టచుట్టి ఉంచిన చార్టు చంకలో పెట్టుకుని ఉయ్యూరు బస్సెక్కాను. కండక్టరు దాన్ని చూసి సినిమా పోస్టరా అని అడిగాడు. అయితే బాగుండుననిపించింది.

రత్తమ్మగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పెళ్లికి ముందే మాస్టారు వచ్చారని సంతోషపడింది. నేను తప్పు చెప్పానండీ అన్నాను. ఏది తప్పో, పుస్తకంలో అసలేముందో చెప్పాను. ఆవిడ నా వంక చూసి, "చదవకుండానే చెప్పారా?" అని అడిగింది. అవునన్నాను. "క్లాసులో ఎంతమంది పిల్లలు?" ముప్పై ఒక్క మంది అన్నాను. "అయ్యో రాత!" అంది. అది పిల్లల గురించో నా గురించో అడగలేదు. తరవాత, తప్పో ఒప్పో ముహూర్తం పెట్టేశామనీ, మాట ఇచ్చామనీ, దొరల పిల్ల కాదంటే మనకేమిటనీ గట్టిగా అంది. నేను కక్కుర్తిపడి, దగ్గరి సంబంధాలవల్ల రాణిగారి ఇంట్లో నెత్తురు గడ్డకట్టని జబ్బు వచ్చిందని మొదలుపెట్టాను. వెంటనే మా జువాలజీ మేడమ్ గుర్తొచ్చింది. ఆ జబ్బు తల్లి ద్వారా వస్తుందనీ, మేనరికానికి దానికి సంబంధం లేదనీ ఆవిడ నాకు ఒకసారి తలంటింది. ఒకే సెమిస్టరులో రెండో తప్పు చెప్పడం బాగుండదని నోరు మూసుకున్నాను.

మాటలకు బదులు చార్టు పరిచాను. రత్తమ్మగారు మజ్జిగ గ్లాసు ఒక మూల, తమలపాకుల పళ్లెం ఇంకో మూల పెట్టి వంగింది. ఆవిడ వేలు తిన్నగా ఒక జంట గీత మీదికి పోయింది. "వీడు రాణీగారికి కూతురి కొడుకు, ఇది కొడుకు కూతురు. అచ్చం మా ఇంటి లెక్కే" అంది. పిల్లవాడి తల్లి ఏమైందని అడిగింది. వాడి చిన్నతనంలోనే పోయిందని చెప్పాను. "నా కూతురూ అంతే బాబూ. పోతూ పోతూ వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. పరాయి పిల్ల వస్తే వాడి బాగోగులు పట్టించుకుంటుందా? అందుకే ఈ పిల్లనిద్దామనుకున్నా" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతవరకూ నేను ఆవిణ్ణి మొండిమనిషి అనుకున్నాను. ఆవిడ భయపడుతోందని అప్పుడు తెలిసింది.

కళ్లు తుడుచుకుని మళ్లీ చార్టు చూసి, "ఈ గీత మీద ఈ కొట్టివేత ఏంటి?" అంది.

చెప్పాను. ఆ పెళ్లి రాణిగారే పట్టుబట్టి చేయించింది. ఇద్దరూ ఒకే తేదీన పుట్టారు గనక శుభసూచకమనుకుంది. వాళ్లకు పొసగలేదు. సంగతి తెలిశాక, ఇక ఎవరికీ పెళ్లి కుదర్చనని ఆవిడ అన్నట్టు చెబుతారు. అయినా విడిపోవడానికి ఒప్పుకోలేదు. ఆవిడ పోయిన ఏడాదే విడాకులయ్యాయి. ఆ పిల్ల తరవాత మేనమామ కొడుకును తన ఇష్టంతో చేసుకుంది, అదీ మేనరికమే.

"ముందుగా ఎవరూ చెప్పలేదా ఆవిడకి?" అంది రత్తమ్మగారు. రాణిగారు గదా, ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుందండీ అన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడ్డ సునీత వైపు తిరిగింది. "నాకు రెండుసార్లు చెప్పావు కదే?"

"చెప్పాను నాయనమ్మా. బావని నేను చూడనన్నానా? చూడాలంటే పెళ్లే చేసుకోవాలా?" అంది సునీత, ఏడుస్తూ.

రత్తమ్మగారు చార్టు తనే చుట్టి నా చేతికిచ్చి, "పురోహితుడికి నేను చెప్పుకుంటాలే" అంది. వీధి దాకా సాగనంపుతూ, "మీరు అసలు సంగతి ఆఖర్న చెబుతారు మాస్టారూ, అదే మీతో తంటా" అంది. నా బోధనా పద్ధతి మీద వచ్చిన తనిఖీ నివేదికల్లో అంత కచ్చితమైనది మరొకటి లేదు.

నన్ను బస్టాండులో దింపింది కిశోరే. అప్పుడే షాపునుంచి వచ్చాడు, అరుగు మీది మాటలు విన్నాడు. అతనికి ఈ పెళ్లి ఇష్టమేనని బైకు వెనక కూర్చున్న నాకు అతని మౌనంలోనే అర్థమైంది. నేను వెళ్లింది మంచిపనికే గాని, అది అందరికీ మంచిపని కాదు. ఆ లెక్క నేను బయలుదేరేముందు వేసుకోలేదు. బస్సు వచ్చేముందు అతను, "ఆ పిల్ల కాదన్నాక జర్మనీ ఆయన ఏం చేశాడండీ?" అని అడిగాడు. వేరే సంబంధం చేసుకున్నాడు బాబూ, ఏడుగురు పిల్లలు అన్నాను. యుద్ధం సంగతి చెప్పలేదు.

సునీత మళ్లీ రోజూ కాలేజీకి వచ్చి పరీక్షలు రాసింది, బి.ఎడ్. చేసి ఇప్పుడు సాంఘికశాస్త్రం చెబుతోంది. కిశోర్ రెండేళ్ల తరవాత కూచిపూడి వైపు పిల్లను చేసుకున్నాడు. శుభలేఖ నాకూ వచ్చింది. వెళ్లాను. రత్తమ్మగారు నన్ను కొత్త పెళ్లికూతురికి చూపించి, "పుస్తకం చదివాక మాట్లాడతారు ఇప్పుడు" అని పరిచయం చేసింది.

ఆ సెమిస్టరులోనే ముప్పై ఒక్క మందికీ నా సూక్తి నోట్సులోంచి కొట్టేయమని చెప్పి, కారణం కూడా చెప్పాను. చార్టుకు ఆకుపచ్చ సిరా చేర్చాను. పెళ్లి చేసుకునే ఇద్దర్నీ అడిగారని పుస్తకంలో ఆధారం దొరికిన గీత పక్కన ఒక ఆకుపచ్చ చుక్క. కాదన్న ఆ పిల్ల పక్కన కూడా ఒకటి పెట్టాను, ఆమెనూ అడిగినట్టే లెక్క గనక. నేను రిటైరై చార్టును శాఖ స్టాకు రిజిస్టరులో అప్పగించే నాటికి దాని మీద చుక్కలకంటే ఖాళీలే ఎక్కువ.

పుస్తకంలో కారణం లేనిచోట మన ఇంటి కారణం తెచ్చి పూరించకూడదు. కారణం రాసి ఉన్నచోట అసలే కూడదు. చరిత్ర లెక్చరర్ ఉద్యోగానికి ఇది మొదటి పాఠం. నేను దీన్ని ఇరవై నాలుగేళ్ల సర్వీసు తరవాత, నా విద్యార్థిని దగ్గర నేర్చుకున్నాను. జీతం మాత్రం మొదటి నెల నుంచీ తీసుకున్నాను.