పడవ నడుముకి అతుకు

ఉదయగిరిలో మావాళ్ళంతా చెక్కేవాళ్ళు. కట్టె దొరికితే చాలు, చెంచాలూ గరిటెలూ పుట్టించేవాళ్ళు. వాళ్ళలో చెక్కేసినవాణ్ణి నేనొక్కణ్ణే. తొంభైల మొదట్లో మద్రాసు వెళ్ళి ఫైబర్‌గ్లాసు పని నేర్చుకుని, ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకున్నాను. పగిలిన నీళ్ళ ట్యాంకులు, బాత్‌రూం తలుపులు, లారీల నెత్తిమీది ఫైబర్ టోపీలు నా దగ్గరికి వచ్చేవి. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "అంటిస్తుంటా" అనేవాణ్ణి. ఆ జవాబు విన్నాక రెండు మూడు పెళ్ళి సంబంధాలు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఒక ఉదయం ట్రాక్టరు ట్రక్కులో ఫైబర్ పడవ ఒకటి వచ్చింది. సోమశిల రిజర్వాయరులో చేపలు పట్టే పడవ. నడిమధ్యన గొడ్డలి దెబ్బలు, ఒకదాని పక్కన ఒకటి. అడుగున ఎండిన నెత్తురు. దించినవాడి ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంది. అడ్డం పెడితే రెండు వేళ్ళు తెగినాయని చెప్పాడు.

"ఎవరు నరికింది?"

"మా అన్నే. వలలు పంచుకున్నాం, గిన్నెలు పంచుకున్నాం. పడవ దగ్గర తెగలేదు. నా సగం నాకియ్యరా అని గొడ్డలెత్తినాడు."

సోమవారం వేట తెరుస్తారట. ఆ పొద్దు మొదట ఎవరు వల వేస్తే ఆ చోటు సీజనంతా వాళ్ళదే, అది వాళ్ళ కట్టుబాటు. సోమవారానికి పడవ నీళ్ళలో లేకపోతే ఏడాది పొడుగునా ఒడ్డున కూర్చోవాలి. "అన్నా, నిలబెట్టు దీన్ని," అన్నాడు. పడవను నిలబెట్టడం కాదు, తేలబెట్టాలి అనబోయి, అతని చేతిని చూసి పడవను షెడ్డులోకి లాగించాను.

గీకే గ్రైండరు ఆన్ చేశాను. ఫైబర్ పనిలో చూడటానికి అన్యాయంగా ఉండే ఘట్టం ఇదే. చిరుగు మీద గుడ్డ ముక్క వేసినట్టు పైన అంటిస్తే నీళ్ళు ఒక్క తోపు తోసేసరికి ఊడిపోతుంది. గాయం చుట్టూ మంచి భాగాన్ని కూడా వాలుగా, పళ్ళెం అంచులా, పలచబడేదాకా గీకాలి. బెత్తెడు పగులు మూరెడవుతుంది. అతను గడప దగ్గర బీడీ కాలుస్తూ చూశాడు. బీడీ కింద పడింది.

"నీ పాసుగాల! మా అన్న బెత్తెడు నరికితే నువ్వు మూరెడు చేస్తివే! వాడితో మాట్లాడుకున్నావా?"

చొక్కా కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. రెండో దెబ్బకు పై పెదవి పగిలింది. ముక్కులోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. నేను చేతులెత్తాను. ఎదురుదాడికి కాదు, గ్రైండరింకా తిరుగుతూనే ఉంది, నా వేళ్ళయినా మిగుల్చుకుందామని. ఎదురుగా టీ కొట్టు నడిపే అవ్వ వేడినీళ్ళ చెంబుతో వచ్చి అరిచింది.

"ఒరే, గడ్డ కోస్తే కదరా చీము పోయేది? ఆ డాక్టర్ని కూడా ఇట్నే కొడతావా? ఇడిసిపెట్టు, లేదంటే నెత్తిన పోస్తా!"

వదిలాడు. నేను ఉమ్మి, రెండు పాత ముక్కలు తెచ్చిచ్చాను. ఒకదాని మీద ఊరికే అంటించిన అతుకు, ఇంకొకదాని మీద వాలుగా గీకి వేసినది. మొదటిది మోకాలి మీద పెట్టి విరిచాడు, పెంకులా ఊడింది. రెండోదాని మీద పడి తొక్కాడు, తిట్టాడు, రాయితో బాదాడు. పగిలింది, కానీ అతుకు దగ్గర కాదు. "కొట్టింది తప్పేలే అన్నా," అని తన చేతికి చుట్టిన గుడ్డతోనే నా పెదవి తుడిచాడు. నాకంటిన నెత్తురులో అతనిదెంతో నాదెంతో ఆ గుడ్డకే తెలియాలి.

గాజు నార గుడ్డను ఒకదానికంటే ఒకటి పెద్ద ముక్కలుగా కత్తిరించి, రెజిన్ జిగురులో తడిపి, పొర మీద పొర వేశాను. బుడగ మిగలకుండా బ్రష్‌తో పొడిచాను. పడవను ఎండకు జరిపాం. గోరు గుచ్చితే గుర్తు పడనంత గట్టిపడాలి. ఇంకా గుర్తు పడుతూనే ఉంది, అప్పుడు వచ్చాడు వాళ్ళన్న. భుజం మీద అదే గొడ్డలి.

వాడు తమ్ముడి వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"ఏందిరా, నా సగం ఎవుణ్ణడిగి అతికించినావు?"

నేను కదల్లేదు. పడవకూ గొడ్డలికీ మధ్య గుండె నిబ్బరంతో నిలబడ్డానని అవ్వ చాలాకాలం చెప్పింది. నిజానికి ఒలికిన రెజిన్‌లో నా చెప్పులు అంటుకుపోయాయి. వాడు ఒక్క తోపు తోశాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి, నేను డబ్బాల మధ్య పడ్డాను.

గొడ్డలి లేచింది. సరిగ్గా అతుకు మీద పడింది. సగం గట్టిపడ్డ పొరలు చీలలేదు. గొడ్డలి నోటిని గట్టిగా పట్టుకున్నాయి. వాడు పెరికాడు, రాలేదు. పడవ మీద కాలు పెట్టి బూతులు తిడుతూ మళ్ళీ పెరికాడు. తమ్ముడు పార కర్ర ఎత్తి అన్న భుజం మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు కేకేసి కూలబడ్డాడు. ఇద్దరూ కలబడి, నేను గీకిన గాజుపొడిలో దొర్లారు. కొరుక్కున్నారు. ఒంటి మీద పొడి గుచ్చుకున్నచోటల్లా ఎర్రగా తేలింది. అవ్వ మళ్ళీ చెంబుతో వచ్చి, ఈసారి నిజంగానే ఇద్దరి నెత్తినా కుమ్మరించాక విడిపడ్డారు. అన్న కుడిచెయ్యి వేలాడుతోంది.

తమ్ముడు లేచి ముందు అతుకు చూశాడు. తరవాతే అన్నను చూశాడు. ఆటో పిలిచి, ఆస్పత్రికి వాడి పక్కనే కూర్చుని వెళ్ళాడు. దారంతా తిట్టుకుంటూనే పోయారని ఆటోవాడు చెప్పాడు. గొడ్డలి ఊడదీసి, మళ్ళీ గీకి, ఇంకో రెండు పొరలు వేశాను.

సోమవారం పొద్దున్నే సోమశిల వెళ్ళాను. పెదవి కుట్లు ఇంకా విప్పలేదు. నీళ్ళు కారితే మళ్ళీ తన్నులు తినేది నేనే కాబట్టి ఒడ్డుకు దూరంగానే నిలబడ్డాను.

పడవ నీళ్ళలో ఉంది. మంచి చోటే. తమ్ముడు తెడ్డు వేస్తున్నాడు. ముందు భాగంలో, చెయ్యి రొమ్ముకు కట్టుకుని, అన్న కూర్చున్నాడు. ఒంటిచేత్తో వల వదులుతున్నాడు. ఒకడు తెడ్డు వేయాలి, ఒకడు వల వదలాలి. ఆ పని వాళ్ళిద్దరూ చిన్నప్పటినుంచీ కలిసే చేస్తున్నారు, వేరే మనిషి దొరకలేదు. తెడ్డు నీళ్ళ మీద పడ్డప్పుడల్లా అన్న తల తిప్పకుండా తమ్ముణ్ణి తిడుతున్నాడు. మధ్యలో నా అతుకు సరిహద్దులా ఉంది. అన్న కాళ్ళు దాన్ని దాటలేదు.

"కారతా ఉండాదా?" అని ఒడ్డునుంచి అరిచాను.

అన్న వల ఆపి అడుగుకేసి చూశాడు.

"నా సగంలో లేదు. వాడి సగం వాణ్ణే అడుగు."