కాకి కాలివేళ్లు చూసే కన్ను

కంటి ఆపరేషనైన రెండో వారం వెర్నా ట్రిఫెట్ తన బల్ల ముందు కూర్చుని, వైసు అనే చిన్న పట్టుకారులో గాలం బిగించి, వాలబీ అనే చిన్న కంగారూ నల్ల బొచ్చు చిటికెడు తీసుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. గాలం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. అదే కిటికీలోంచి చూస్తే మాత్రం, రోడ్డుకు అవతల ఆడపడుచు గ్లెనిస్ ఇంటి రేకుల మీద వాలిన కాకి కాలివేళ్లు లెక్కపెట్టొచ్చు.

"కాకి వేళ్లతో నాకేం పనిరా దేవుడా!" అని అరిచింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అరిచింది.

టాస్మేనియా దీవిలో బాత్‌వెల్ ఊరివాళ్లకు వెర్నా అంటే ఈగల వెర్నా. గాలం మీద బొచ్చు, ఈక, దారం చుట్టి, ట్రౌట్ చేప నిజం ఈగే అనుకుని నోరు తెరిచేలా కట్టడం ఆమె పని. రోడ్డు మీద వాలబీ చచ్చి కనిపిస్తే జనం ముక్కు మూసుకుని పోతారు. వెర్నా కారాపి కత్తెర తీస్తుంది. చిన్నప్పటి నుంచీ సీసా అడుగంత మందం అద్దాలు. దూరం ఏమీ కనపడేది కాదు. కానీ అద్దాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పోగు పోగూ విడివిడిగా కనిపించేది. ఈ పని చేసే మిగతావాళ్లు దీపాలు, భూతద్దాలు కొనుక్కున్నారు. వెర్నాకు ఆ అవసరమే రాలేదు. బడిలో పిల్లలు వెక్కిరించిన కళ్లే డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆమెకు తిండి పెడుతున్నాయి.

ఆ కళ్లలో శుక్లాలు దిగాయి. ప్రభుత్వాసుపత్రిలో అడిగితే, ముందు డాక్టరును చూడటానికి ఒక వరుస, చూశాక ఆపరేషన్‌కు ఇంకో వరుస, అంతా కలిపి రెండున్నరేళ్లు పట్టొచ్చన్నారు. అదే డాక్టరు, అవే చేతులు, హోబార్ట్ నగరంలో ఆయన సొంత క్లినిక్‌కు డబ్బు కట్టి వెళితే మూడు వారాలు. రోగం ఒక్కటే, డాక్టరూ ఒక్కడే, మారేది తలుపు మాత్రమే. దీన్ని ఏమనాలో వెర్నాకు బాగా తెలుసు కానీ, ఆదివారం చర్చికెళ్లే మనిషి గనక బయటికి అనలేదు. ఆ డబ్బు కోసం, చనిపోయిన మొగుడు కాలిన్ పడవ అమ్మేసింది.

డబ్బు కట్టినంత మాత్రాన మర్యాదగా ఒక్క బిల్లు ఇస్తారా? డాక్టరుకొకటి, మత్తిచ్చినాయనకొకటి, ఆపరేషన్ గదికొకటి. కాకులు చేప పంచుకున్నట్టు పంచుకున్నారు.

క్లినిక్‌లో టాలియా అనే పిల్ల, గోళ్లకు నీలం రంగు వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలడిగింది.

"కారు నడుపుతారా బంగారం?"

"నడుపుతాను."

"టీవీ? గోల్ఫ్?"

"టీవీ చూస్తాను. గోల్ఫ్ ఆడేవాళ్లను కూడా చూస్తాను, దూరం నుంచి."

టాలియా నవ్వి, వెర్నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూసి, 'రిటైర్డ్' అని తనే టైపు చేసేసుకుంది. గడ్డం ఆనిస్తే ఒక యంత్రం కంటి పొడవు కొలిచింది, ఇంకొకటి వంపు కొలిచింది. చేతులతో ఏం చేస్తావమ్మా అని మాత్రం యంత్రమూ అడగలేదు, మనిషీ అడగలేదు. ముందు బాగా చెడ్డ కన్ను, నెలన్నర తర్వాత రెండోది అన్నారు. చుక్కలు వేశారు, మత్తు సూది ఇచ్చారు, రంగురంగుల వెలుగులు కనిపించాయి, కాసేపట్లో శుక్లం తీసి లోపల లెన్సు పెట్టడం అయిపోయింది. కంటికి ప్లాస్టిక్ డిప్ప అంటించి, టీ, రెండు బిస్కెట్లు ఇచ్చి పంపారు. మర్నాడు డిప్ప తీసి, గోడ మీది అక్షరాలు చదివించి, "అద్భుతం!" అన్నాడు డాక్టర్ ప్రెస్కాట్. కంట్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. వెర్నా అద్భుతమే అనుకుంది.

ఇప్పుడు బల్ల ముందు కూర్చుంటే తెలిసింది, ఆ అద్భుతం తన పనికి కాదని. మందుల షాపు అద్దాలు పెట్టి చూసింది. పుస్తకం చదవగలదు, వాలబీ పోగు కాదు. ఇక మిగిలింది ఇంకా శుక్లం మసకలో ఉన్న రెండో కన్ను. దానికీ అదే దూరపుచూపు లెన్సు వేస్తే కాకుల్ని లెక్కపెట్టుకుంటూ బతకాలి.

వదినగారి గోల విని గ్లెనిస్ రోడ్డు దాటి వచ్చింది. ఆమె కాలిన్ చెల్లెలు.

"పోనీలే వదినా, ఈ వయసులో ఈగలెందుకు? హాయిగా కూర్చుని టీవీ చూసుకోరాదూ?"

"నువ్వు చూడు. నన్నింకా పాతిపెట్టలేదు. రేపు హోబార్ట్‌కు కారు తీస్తావా, లేక నడిచి పొమ్మంటావా?"

"ఎందుకు వదినా అంత కోపం!"

"ఎందుకా? పడవమ్మి వాళ్ల చేతిలో పోశాను కదా, అందుకు."

మర్నాడు హోబార్ట్‌లో ప్రెస్కాట్ ఎదుట కూర్చుని, వెర్నా మాట మొదలుపెట్టే ముందు ఆయన వెనకాల గోడ కేసి చూసింది. ఇంతకు ముందు వచ్చినప్పుడల్లా అక్కడ నలుచదరంగా ఏదో మసక ఉండేది. ఇప్పుడు స్పష్టంగా ఉంది: అద్దం బిగించిన చట్రంలో పెద్ద ట్రౌట్ పట్టుకుని నవ్వుతున్న ప్రెస్కాట్ ఫొటో, దాని కింద ఆ చేపను పట్టిన ఈగ. నల్ల వాలబీ బొచ్చు. తల దగ్గర నారింజ దారం ఒకే ఒక్క చుట్టు. ఆ చుట్టు వెర్నా గుర్తు. టాస్మేనియాలో ఇంకెవరూ వేయరు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఈగ ఎక్కడిది డాక్టర్?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "పై సరస్సుల దగ్గర కొట్లో కొన్నాను. పెన్‌స్టాక్ సరస్సులో దానికి తిరుగులేదండీ. ఏటా అవే కొంటాను. ఎవరు కడతారో గానీ మహా చెయ్యి!"

"ఎవరు కడతారో ఎప్పుడైనా అడిగారా?"

"లేదు, ఎందుకు..."

"నేనే కడతాను. అద్దాలు తీసేసి, ఇదిగో, ఇంత దగ్గర పెట్టుకుని." చేతిసంచిలోంచి ఈగ తీసి ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టుకుంది. "ఈగ కట్టే కంట్లోంచి మీరు ఆ చూపు పీకేసి కాకుల్ని చూసే చూపు పెట్టారు. ఈగ కట్టింది ఎవరని అడగలేదు, కన్ను కోసేటప్పుడు నా పనేమిటనీ అడగలేదు. యంత్రంతో వెంట్రుకవాసి కొలిచారు కదా, ఒక్క మాట అడగడానికి ఏం ఖర్చయ్యేది? దానికింకో బిల్లు వేయాల్సింది, కట్టేదాన్ని!"

ప్రెస్కాట్ గోడ కేసి చూసి, ఆమె చేతి కేసి చూశాడు. "మీరు ముందే చెప్పి ఉంటే..."

"మీరు ముందే అడిగి ఉంటే."

మొదటి కంటి లెన్సు మార్చొచ్చు కానీ ప్రమాదం ఉందని, పైగా మళ్లీ ఖర్చని ఆయన నెమ్మదిగా చెప్పాడు. రెండో కంట్లో దగ్గరిచూపు లెన్సు పెట్టొచ్చన్నాడు. "కానీ ఒకటి అంత దూరం, ఇంకొకటి ఇంత దగ్గర అయితే తల తిరుగుతుందండీ. అలవాటు కాకపోవచ్చు కూడా."

"తిరిగేది నా తల. చూపు ఇక్కడికి పెట్టండి." ఈగను బెత్తెడు దూరంలోనే పట్టుకుంది. ఆయన స్కేలు తెచ్చి, కంటి నుంచి ఈగ దాకా కొలిచే వరకూ చెయ్యి దించలేదు.

రెండో ఆపరేషన్‌కూ బిల్లులు మూడే వచ్చాయి, ఒక్క డాలరు తగ్గలేదు. మెట్లు దిగేటప్పుడు నిజంగానే తల తిరిగింది. వెర్నా గ్లెనిస్ రెక్క పట్టుకుని తిట్టుకుంటూ దిగింది. కానీ కన్ను తేటపడ్డాక బల్ల ముందు కూర్చుని, దూరపు కన్ను మూసి, గాలం ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే పోగు పోగూ విడివిడిగా నిలబడింది. వెర్నా ఏడ్చింది. ఏడుస్తూనే, ఇదేదో నాకు దానం చేసినట్టు నేను ఏడవడమేమిటని మళ్లీ కోపం తెచ్చుకుంది.

చివరి పరీక్షకు వెళ్లినప్పుడు ప్రెస్కాట్ కంట్లో దీపం వేసి చూసి తృప్తిపడ్డాడు. లేచి తలుపు దాకా వచ్చాడు, కొంచెం మొహమాటపడుతూ.

"ఆగస్టులో ట్రౌట్ సీజను మొదలవుతుంది కదండీ. కొట్లో మీ ఈగలు అయిపోయాయట. నాకో డజను కట్టిపెట్టగలరా?"

"కడతాను. ఏ వరుసలో?"

"వరుసా?"

"మామూలు వరుసైతే రెండున్నరేళ్లు. డబ్బు కడితే మూడు వారాలు."

ఆయన నవ్వాడు. వెర్నా నవ్వలేదు. జవాబు కోసం తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.