ఈసారి ఉయ్యాల ఎవరు కట్టాలి

పెళ్లయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో మా అత్త నన్ను తిప్పని చోటు లేదు. హిందూపురం నుంచి పెనుకొండ దర్గాకు తీసుకుపోయి, పిల్లలు పుట్టాలని నాచేత చిన్న కొయ్య ఉయ్యాల కట్టించింది. ఏడాది చూసి మళ్లీ కట్టించింది. మాత్రలు మింగాను, స్కానింగులు చేయించుకున్నాను. ఆడబిడ్డ సీమంతంలో గాజులు తొడగబోతే, "నువ్వుండమ్మీ, వేరేవాళ్లు తొడుగుతార్లే" అని అత్త నా చేయి పట్టి పక్కకు లాగింది. ఆ రోజు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

నన్ను కట్టుకున్న బావను మాత్రం ఎవరూ ఏ డాక్టరు దగ్గరికీ పొమ్మనలేదు. ఎందుకంటారు? గడ్డం ఒత్తుగా వచ్చింది, భుజాలు గట్టిపడ్డాయి. "నా కొడుకు పులి మాదిరుండాడు, వానికేం లోపం?" అని అత్త వీధంతా చెప్పుకునేది.

ఆ పులి ఎట్లా తయారైందో నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో బావ ఫ్యాక్టరీ నుంచి రాగానే నీరసంతో కూలబడిపోయేవాడు. హిందూపురంలో ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి, మగ హార్మోన్ తక్కువగా ఉందని మూడు వారాలకోసారి ఇంజెక్షన్ రాశాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. పిల్లలు కావాలా అని ఒక్క మాట అడిగితే ఆ డాక్టరు నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా? మగతనం పెంచే మందైతే పిల్లలకూ మంచిదే అనుకున్నాం. బావ మరిచిపోతే నేనే గుర్తు చేసి మరీ పంపేదాన్ని.

చివరికి మా పుట్టింటి ఊరు ధర్మవరంలో ఒక డాక్టరమ్మ నా రిపోర్టులన్నీ చూసి, "నీకేం లేదమ్మా, మీ ఆయన్ని పిలుచుకొనిరా" అంది. బావ ఎగిరిపడ్డాడు. పోట్లాడి తీసుకుపోయాను. వీర్యపరీక్షలో ఒక్క కణం కూడా కనబడలేదు.

"ఏమన్నా ఇంజెక్షన్లు తీసుకుంటాండావా అప్పా?" అని అడిగింది. బావ చెప్పాడు. బయటి నుంచి ఆ హార్మోన్ ఎక్కిస్తే ఒంట్లో వీర్యకణాలు తయారయ్యే పని ఆగిపోతుందట. "మొదలుపెట్టకముందే ఆ డాక్టరు మీకు చెప్పాల్సింది. పిల్లలు కావాలనేవాళ్లకు వేరే మందులుండాయి. వీర్యం దాచిపెట్టుకోవచ్చు గూడా" అంది. ఇప్పుడు మానేస్తే చాలామందికి మళ్లీ వస్తాయట. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, ఖాయంగా మాత్రం చెప్పలేనంది.

ఇంటికొచ్చి అంతా చెప్పాం. అత్త తలుపు మూసి, గొంతు తగ్గించి, "ఈ మాట బయట పడగూడదమ్మీ. మగోని పరువు పోతాది. అడిగినోళ్లకు నీలోనే ఏదో ఉండాదని చెప్దాం" అంది.

బావ తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. డాక్టరు మీదకన్నా, అత్త మీదకన్నా నాకు అప్పుడు ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. వచ్చే వారం నాచేత కట్టించాలని అత్త కొనిపెట్టిన మూడో ఉయ్యాల గూట్లో ఉంది. తీసి బావ ఒళ్లో పడేశాను.

"లే బావా. ఈసారి పెనుకొండకు పోయి కట్టాల్సింది నువ్వు. లోపం ఎవరికని అడిగితే నీ నోటితో నువ్వే చెప్పు."

"అయ్యో, అయ్యో" అంటూ అత్త అడ్డమొచ్చింది. బావ ఆమెను తప్పించుకుని, ఉయ్యాల పట్టుకుని బయటికి నడిచాడు. ఎదురింటామె అరుగు మీద నుంచి పలకరించింది.

"ఏమప్పా, పెనుకొండకా? ఉయ్యాల నువ్వు తీసుకపోతాండావే? కట్టాల్సిన మనిషి రాలేదా?"

"ఆమెకేం లేదక్కా. లోపం నాదే" అన్నాడు బావ.

ఆ ఒక్క మాటకు నాలుగేళ్లు పట్టింది.